వియన్నాలో కాపలా

ఆ శనివారం పొద్దున్న రామమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. గరాజ్‌లో మంచు ఎత్తే పారను గోడకు తగిలించి, గడ్డి కోసే మిషన్‌ను బయటికి లాగాలి. అది స్టార్టయితే సంతోషించాలి, కాకపోతే కిందటి వేసవిలో దాన్ని అరువు పట్టుకెళ్ళిన పక్కింటివాణ్ణి అనుమానించాలి. అనుమానించడం అతనికి కొత్త కాదు. పాల డబ్బా మీద తేదీ చూసి, మూత తీసి వాసన చూసి, ముందు భార్య కాఫీలో పోయించి, ఆవిడకేమీ కాలేదని తేలాక తన కాఫీలో పోసుకునే మనిషి. షామ్‌బర్గ్‌లో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నా, టీవీలో వాతావరణం చెప్పేవాడి మాట నమ్మి ఒక్కనాడూ గొడుగు లేకుండా గడప దాటలేదు.

"సాయంత్రం శ్యామ్‌సుందర్ గారింట్లో డిన్నరు, గుర్తుందా?" అంది విజయశ్రీ, అట్టు తిరగేస్తూ. "డిన్నరయ్యాక స్లైడ్ షో అట. డిసెంబర్లో ఇండియా వెళ్తూ వియన్నాలో ఆగారు కదా. మనం వెళ్ళిన ఫ్లైటే. పొద్దున్న దిగి, సాయంత్రం ఎక్కేలోపల ఊరంతా తిరిగేశారట."

రామమోహన్ నోట్లో ఉన్న కాఫీ నోట్లోనే ఉండిపోయింది.

అతని గుండెల్లో రాయి పడటానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట, 1983 డిసెంబరులో, అతనూ విజయశ్రీ అదే విమానంలో ఇండియా వెళ్ళారు. వియన్నా ఎయిర్‌పోర్టులో ఎనిమిది గంటల ఆగుడు. అద్దాల్లోంచి బయట నిలబడ్డ సిటీ బస్సు కనిపిస్తోంది. "ఏమండీ, ఒక్కసారి వెళ్ళి చూసొద్దామా?" అని విజయశ్రీ ఆశగా అడిగింది. "ట్రాన్సిట్ ప్యాసింజర్లని బయటికి వదలరు, విజయా. పక్కనే కమ్యూనిస్టు దేశాలు. ఎవడెటు జారుకుంటాడో అని వీళ్ళకి డౌటు" అని రామమోహన్ ఖాయంగా చెప్పాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే వెళ్ళొచ్చంటారేమో అని అతని భయం. వెళ్తే టాక్సీవాణ్ణి నమ్మాలి, లాకరును నమ్మాలి, గడియారాన్ని నమ్మాలి. అందుకని హ్యాండ్‌బ్యాగులన్నీ కాళ్ళ చుట్టూ పేర్చుకుని, పట్టీలు చీలమండలకు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిది గంటలు రెప్ప వెయ్యకుండా సామాను కాచిన ఆ కథ తెలుగువాళ్ళ డిన్నర్లలో కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు.

ఇప్పుడు ఆ శ్యామ్‌సుందర్ బయటికి వెళ్ళొచ్చాడంటే ఏమిటర్థం? రామమోహన్ చెప్పింది అబద్ధమని. ఇంట్లో అతని మాట వేదవాక్కు. డిష్‌వాషర్లో వేస్తే స్టీలు గిన్నెలు పాడైపోతాయన్నాడు, ఇప్పటికీ విజయశ్రీ చేత్తోనే తోముతోంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆడవాళ్ళు డ్రైవ్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళకి నచ్చదన్నాడు, ఆవిడ పాపం సందుల్లోంచే వెళ్తోంది. వియన్నా మాట ఒక్కటి అబద్ధమని తేలితే మిగతా మాటలన్నీ వరసగా బోనెక్కుతాయి. కాబట్టి శ్యామ్‌సుందర్ వియన్నా చూసి ఉండటానికి వీల్లేదు. గడ్డి మిషన్ సంగతి ఆ రోజుకి మర్చిపోయాడు.

శ్యామ్‌సుందర్ ఇంటి బేస్‌మెంట్లో ఆరు కుటుంబాలు కార్పెట్ మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నాయి. తెల్ల దుప్పటి తెరయింది. ప్రొజెక్టరు చప్పుడు చేస్తూ ఒక్కో బొమ్మా వేస్తోంది.

"ఇది చర్చి" అన్నాడు శ్యామ్‌సుందర్. "పెద్ద చర్చి." ఇంకో బొమ్మ పడింది. "ఇదీ... చర్చి లాంటిదే. చాలా పాతది."

"అది ప్యాలెస్ లాగుందండీ" అన్నారు వెనక ఎవరో.

"చర్చి పక్కన ప్యాలెస్" అని సర్దుకున్నాడు శ్యామ్‌సుందర్.

ఎనిమిదో బొమ్మ దగ్గర రామమోహన్ వీపు నిటారుగా అయింది. ఈ బొమ్మల్లో ఏదో లోపం ఉంది. ఏమిటది? తొమ్మిదో బొమ్మ దగ్గర తెలిసిపోయింది. మనుషులు లేరు! లోకంలో ఏ తెలుగువాడు భార్యని నిలబెట్టకుండా కట్టడాన్ని ఫోటో తీశాడు? నయాగరా ముందు మనవాళ్ళు నిలబడితే వెనక నీళ్ళున్నాయో లేదో కూడా తెలియదు. ఇక్కడేమో రాజప్రాసాదాలన్నీ ఉన్నాయి గాని, వాటి ముందు హ్యాండ్‌బ్యాగు పట్టుకుని కళ్ళు చికిలించే శ్యామ్‌సుందర్ భార్య జయంతి ఒక్కదాంట్లోనూ లేదు.

"శ్యామ్‌సుందర్ గారూ, మీరెక్కడా కనపడరేం?" అన్నాడు తియ్యగా.

"కెమెరా నా చేతిలో ఉంది కదండీ."

"మరి జయంతి గారు?"

"నా పక్కనే ఉంది."

అందరూ నవ్వారు. రామమోహన్ నవ్వలేదు. "ఆ చర్చి ఏ కాలం నాటిది? ఆ రాజుగారి పేరేంటి? డాన్యూబ్ నది ఏ పక్క ఉంది?" అని వరసగా అడుగుతూ పోయాడు. శ్యామ్‌సుందర్ నుదుటి మీద చెమట ప్రొజెక్టరు వెలుతురులో మెరిసింది. ఎందుకో జయంతి గబుక్కున లేచి, "స్వీటు తినండి అందరూ" అంటూ లైటు వేసేసింది.

అందరూ పైకి వెళ్ళాక రామమోహన్ వెనకబడ్డాడు. ట్రేలోంచి ఒక స్లైడు పైకి లాగాడు. మనం తీసి కడిగించుకున్న స్లైడయితే అట్ట మీద కడిగిన నెలా సంవత్సరమూ అచ్చయి ఉంటాయి. దీని మీద జర్మన్ అక్షరాలు, మూలన పద్నాలుగో నెంబరు ఉన్నాయి. షాపులో అమ్మే స్లైడ్ల ప్యాకెట్టు! రామమోహన్ దాన్ని జాగ్రత్తగా మళ్ళీ లోపల పెట్టాడు. చాలా ఏళ్ళ తర్వాత అతనికి మనస్ఫూర్తిగా ఆనందం కలిగింది.

పైకి వెళ్ళేసరికి తెలుగు సంఘం ప్రెసిడెంటు కృష్ణమూర్తి అతని భుజం మీద చెయ్యేశాడు. ఎవరు తుమ్మినా దాన్ని కల్చరల్ ప్రోగ్రాంలో ఐటెంగా పెట్టే మనిషి ఆయన. "ఏం ప్రశ్నలండీ! వియన్నా మీద మీకింత ఇంట్రెస్ట్ ఉందని తెలీదే. ఉగాదికి ఒక ఐటెం పెట్టేద్దాం. స్లైడ్స్ శ్యామ్‌సుందర్ గారివి, కామెంటరీ మీది. చరిత్ర, చూడాల్సిన ప్లేసెస్, అన్నీ కవర్ చేసెయ్యండి."

"అబ్బే, ఎందుకండీ అదంతా" అన్నాడు శ్యామ్‌సుందర్. మొహం సున్నం కొట్టినట్టయింది.

"తప్పకుండా చేద్దాం" అన్నాడు రామమోహన్. దొంగని ఒంటరిగా పట్టుకుంటే జారిపోతాడు. నలుగురి ముందు పట్టుకోవాలి.

"అయితే శ్యామ్‌సుందర్ గారూ, ఈసారి మనుషులున్న స్లైడ్స్ కూడా వెయ్యండి. రామమోహన్ గారు పాయింట్ బాగా పట్టారు" అన్నాడు కృష్ణమూర్తి. జయంతి చేతిలో జాంగ్రీల పళ్ళెం కొంచెం వంగింది.

కారెక్కగానే రామమోహన్ భార్యకి తీర్పు వినిపించాడు. "వాళ్ళు ఎయిర్‌పోర్ట్ దాటలేదు. షాపులో స్లైడ్స్ కొన్నారు. నేను చెప్పలేదూ, బయటికి వదలరని?"

"దాటకపోతే ఏమైందండీ? ఏదో గొప్పకి చెప్పుకున్నారు. వదిలెయ్యండి."

"ఎలా వదిలేస్తాను? అబద్ధం అబద్ధమే."

విజయశ్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకోవడం రామమోహన్‌కి అంగీకారంగా వినిపించింది.

మర్నాటినుంచి అతను పబ్లిక్ లైబ్రరీకి కాపురం మార్చినంత పని చేశాడు. ఎదుటివాడి అబద్ధం పట్టుకోవడానికి మొదలుపెట్టినవాడు కాస్తా చదివేకొద్దీ ఆ ఊరి ప్రేమలో పడిపోయాడు. ముఖ్యంగా అక్కడి చక్రవర్తులు కూడా తనలాంటి అనుమానపు మనుషులే అని తెలిశాక. తురుష్కులు వచ్చి రెండుసార్లు ఊరిని ముట్టడించారు. 1683లో అయితే గోడల కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెట్టారు. ఆఖరి నిమిషంలో పోలెండు రాజు కొండ మీదినుంచి గుర్రాలతో దిగి కాపాడాడు. వాళ్ళు వదిలేసిపోయిన ఫిరంగులు కరిగించి చర్చికి పెద్ద గంట పోశారు. వాళ్ళు వదిలేసిపోయిన బస్తాల్లోంచే ఊరికి కాఫీ అలవాటైందని ఒక కథ ఉంది గాని, ఆ కథని నమ్మొద్దని పుస్తకమే చెప్పింది. అలా చెప్పిన పుస్తకం మీద అతనికి గౌరవం పెరిగింది. పదహారుమంది పిల్లల్ని కని, మధ్యలో రాజ్యం కూడా ఏలిన మహారాణి గురించి చదివి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక నాలుగు దేశాలవాళ్ళు ఆ ఊరిని పంచుకుని, ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకుంటూ పదేళ్ళు కాపలా కాశారని చదివినప్పుడు, సొంత ఊరి గురించి చదువుతున్నట్టే అనిపించింది.

ఈలోపల కృష్ణమూర్తి ఫోన్లమీద ఫోన్లు చేసి ప్రచారం చేశాడు. ప్రచారం నోరు మారేకొద్దీ పెరుగుతుంది. రామమోహన్ గారు వియన్నా స్పెషలిస్టు అని మొదలైంది, రామమోహన్ గారు వియన్నాలో నెలరోజులున్నారు అని తేలింది. ఎవరెవరో ఫోన్ చేయసాగారు.

"అన్నా, సమ్మర్లో మేం వియన్నా మీదుగా బుక్ చేద్దామనుకుంటున్నం. అక్కడ మనకి తినేటందుకు ఏమన్న దొరుకుతదా?" అని నేపర్‌విల్ నుంచి రాధాకృష్ణ.

"ఆపిల్ పెట్టి చుట్టిన రొట్టెలాంటిది ఒకటి ఉంటుంది. ఎగ్ వేశారో లేదో కనుక్కో. ఎగ్ లేదంటే నమ్మకు" అని రామమోహన్ అనుభవజ్ఞుడిలా చెప్పాడు. "చర్చి కప్పు మాత్రం చూసి తీరాలి. రంగు పెంకులతో, చాప అల్లినట్టుంటుంది."

"చాప కాదు, పట్టుచీర అంచులా ఉంటుంది" అంది విజయశ్రీ వంటింట్లోంచి.

"నీకెలా తెలుసు?" అన్నాడు ఫోను మూసి.

"శ్యామ్‌సుందర్ గారి స్లైడ్‌లో చూశాం కదండీ" అంది ఆవిడ, ఉల్లిపాయ తరుగుతూ. నిజమే కదా అని ఊరుకున్నాడు. ప్రపంచంలో అతను రెండో ప్రశ్న అడగనిది ఆవిడ ఒక్కదాన్నే.

ఉగాదికి ముందు రోజు ఆఫీసునుంచి ఇంటికొచ్చేసరికి వంటింట్లో జయంతి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. "వస్తానక్కా" అని గబగబా కోటు తొడుక్కుని, "అన్నయ్యగారూ, రేపు... కొంచెం..." అని వాక్యం పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయింది.

"ఏంటట?" అన్నాడు అనుమానంగా.

"ఏమీ లేదు. పులిహోర కొలతలు." విజయశ్రీ అతని వంక నేరుగా చూసింది. "ఏమండీ, ఒక్క మాట చెప్పనా? రేపు మీకు తెలిసిన చరిత్ర అంతా చెప్పండి. వింటాం. కానీ ఆయన్ని నలుగురి ముందు నిలబెట్టి అడగొద్దు. రేపట్నుంచి వాళ్ళు ఏ మొహం పెట్టుకుని అందర్లోకీ వస్తారు?"

"అబద్ధం చెప్పినప్పుడు ఆ సంగతి తెలియదా?"

"సరే మీ ఇష్టం" అంది విజయశ్రీ. సంసారంలో ఆ మూడు మాటల బరువెంతో తెలియని భర్త రామమోహన్ ఒక్కడే అయ్యుంటాడు.

ఉగాది ప్రోగ్రాం హైస్కూలు కెఫెటేరియాలో జరిగింది. ఒక పక్క కాగితం కప్పుల్లో ఉగాది పచ్చడి, ఇంకో పక్క అల్యూమినియం ట్రేల్లో పులిహోర. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు అయ్యాక లైట్లు తీశారు. శ్యామ్‌సుందర్ ప్రొజెక్టరు దగ్గర ముద్దాయిలా నిలబడ్డాడు. పక్కన జయంతి ఉంది. రామమోహన్ మైకు అందుకున్నాడు.

చెప్పాడంటే చెప్పాడు. ముట్టడులు చెప్పాడు, పోలెండు రాజు కొండ దిగడం తనే దగ్గరుండి దింపినట్టు చెప్పాడు. చక్రవర్తులు పోతే శరీరం ఒక చర్చిలో, గుండె ఇంకో చర్చిలో, పేగులు రాగి చెంబుల్లో పెట్టి మూడో చర్చి నేలమాళిగలో దాచేవాళ్ళని చెప్పినప్పుడు, ముందు వరసలో ఉషా అనే ఆవిడ కప్పులో పచ్చడి కింద పెట్టేసింది. "వావ్, గ్రాస్! ఛీ!" అని పిల్లలు కేరింతలు కొట్టారు. ఉన్నవన్నీ ఒక్కచోటే పెట్టకుండా మూడుచోట్ల దాచిన ముందుచూపుని రామమోహన్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగాయి. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు.

"శ్యామ్‌సుందర్ గారూ, మీరు స్వయంగా చూసొచ్చారు కదా" అన్నాడు. "ఫిరంగులు కరిగించి పోసిన గంట ఈ చర్చిలో ఎక్కడుందో చెప్పండి."

శ్యామ్‌సుందర్ తెర వంక చూశాడు, భార్య వంక చూశాడు. "అదిగో... ఆ పొడుగు టవర్లో."

"కాదు! కట్టడం సగంలో ఆపేసిన పొట్టి టవర్లో ఉంది!"

"పోనిద్దురూ, మా ఊరి గుళ్ళో గంట ఎటుందో నాకే గుర్తులేదు" అన్నాడు కృష్ణమూర్తి. హాలంతా నవ్వింది. ఆ నవ్వు రామమోహన్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"నవ్వకండి. ఇప్పటిదాకా ఇన్ని స్లైడ్స్ చూశారు కదా, ఒక్కదాంట్లో ఒక్క తెలుగు మొహం కనపడిందా? ఎందుకు కనపడదు? ఎందుకంటే వియన్నాలో ట్రాన్సిట్ ప్యాసింజర్లని బయటికి వదలరు. ఈ మాట ఎవరో చెప్తే చెప్పట్లేదు. ఎనిమిది గంటలు రెప్ప వెయ్యకుండా నేను స్వయంగా..."

"అన్నయ్యగారూ" అంది జయంతి. "ఇంకొక్క స్లైడ్ ఉంది."

ప్రొజెక్టరు టక్కుమంది.

తెర మీద చర్చి. గుర్రబ్బండి. బండి పక్కన ఒకావిడ కెమెరాకి వీపు పెట్టి, తల పైకెత్తి రంగు పెంకుల కప్పుని చూస్తోంది. తలకి స్కార్ఫు, కోటు కిందనుంచి నెమలిపింఛం రంగు చీర అంచు. ఆ నిలబడ్డ తీరులో ఎంత సంబరం ఉందంటే, మొహం కనపడకపోయినా నవ్వుతోందని తెలిసిపోతోంది.

"అదుగో, జయంతి గారు!" అని ఎవరో అరిచారు. "ఇదిగో మనిషి! అడిగారుగా!" అని కృష్ణమూర్తి గంతేశాడు. ఈలలు, చప్పట్లు.

రామమోహన్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఆ కోటు మగవాళ్ళ కోటు. అతని కోటు. ఎడమ మోచేతి మీద గోధుమరంగు అతుకు ఉంది, అది వేసింది విజయశ్రీ. ఆ చీర 1983లో విమానం ఎక్కుతున్నప్పుడు ఆవిడ కట్టుకున్నది. ఆ వీపు, పదిహేనేళ్ళుగా పొద్దున్నే స్టవ్ ముందు తనకి కనిపించే వీపు.

అతను చీకట్లో మూడో వరసలోకి చూశాడు. విజయశ్రీ ఒళ్ళో చేతులు పెట్టుకుని, అందరితోపాటు తెర వంక చూస్తోంది.

"ఇప్పుడేమంటారు రామమోహన్ గారూ?" అన్నాడు కృష్ణమూర్తి. హాలంతా అతని నోటి వంక చూస్తోంది. అది జయంతి కాదంటే ఎవరో చెప్పాలి. ఎవరో చెబితే, అప్పుడు తనేం చేస్తున్నాడో కూడా చెప్పాలి.

"వెళ్ళారు" అన్నాడు మైకులో. "శ్యామ్‌సుందర్ గారు వియన్నా వెళ్ళారు. చాలా బాగా చూశారు. ట్రాన్సిట్ ప్యాసింజర్లని... వదుల్తారు."

"వదల్రన్నారుగా అంకుల్?" అంది ముందు వరసలోంచి ఒక పిల్ల. "వెన్ డిడ్ యు ఫైండ్ అవుట్?"

"ఇప్పుడే" అన్నాడు రామమోహన్.

ఆ రోజు ఎక్కువ చప్పట్లు ఆ మాటకే వచ్చాయి. శ్యామ్‌సుందర్ పరిగెత్తుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పాపం. రామమోహన్‌కి కూడా తిరిగాయి గాని, కారణం వేరు.

తిరుగు ప్రయాణంలో రామమోహన్ వైపర్లు వేశాడు.

"జయంతి అడిగిందా?"

"ఏడ్చిందండీ. ఆ రోజు ఎయిర్‌పోర్ట్‌లో తనకి జ్వరం. సిటీ చూసొస్తామని అందరికీ ముందే చెప్పుకున్నారు కదా, వట్టి చేతుల్తో రాలేక ఆ ప్యాకెట్ కొన్నారు. మనుషులున్న స్లైడ్ ఎక్కణ్ణుంచి తేవాలని నా దగ్గరికొచ్చింది. నా దగ్గర ఒకటుంది, ఇచ్చాను."

"నన్ను వదిలేసి వెళ్ళావన్నమాట."

"లేపాను. రెండుసార్లు. మీరు లేవలేదు. కౌంటర్లో అమ్మాయిని అడిగితే నవ్వి, పాస్‌పోర్ట్‌లో స్టాంపు కొట్టి పంపింది. కోటు ఊరికే కుర్చీ మీద పడి ఉంది కదా అని వేసుకున్నాను. నేనొచ్చాక కూడా ఇంకో గంట పడుకున్నారు."

అంటే ఆ స్టాంపు ఆవిడ పాస్‌పోర్టులో రెండేళ్ళుగా తన బీరువాలోనే ఉంది. ఊళ్ళో అందరి స్లైడ్లూ తిప్పి చూసినవాడు ఇంట్లో ఆ పుస్తకం ఒక్కటి తెరవలేదు. అది భార్య మీద నమ్మకమో, ఆవిడ తన మాట దాటి వెళ్ళగలదన్న ఊహే రాకపోవడమో అతనికే తెలియలేదు. రెండోదే అయ్యుంటుందనిపించి సిగ్గేసింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే మీ మాట పోదూ? ఆ కాపలా కథ చెప్పేటప్పుడు మీ మొహం ఎంత వెలిగిపోతుందో నాకు తెలుసు. మీరు ఇంకొకళ్ళ పరువు తియ్యబోకపోతే ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు."

రామమోహన్ కారు నెమ్మది చేశాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ మాట అతనికి అలవాటు లేదు. "గంట పొట్టి టవర్లోనే ఉందా?" అన్నాడు చిన్నగా.

"పొట్టి టవర్లోనే. కరెక్ట్‌గా చెప్పారు" అంది విజయశ్రీ, అతని మోచెయ్యి మీద చెయ్యి వేసి.

కొంచెం ప్రాణం లేచొచ్చింది. దానితోపాటే పాత బుద్ధీ లేచింది. ఎర్ర లైటు దగ్గర బ్రేకు వేసి, భార్యవైపు పూర్తిగా తిరిగాడు.

"అది సరే గాని విజయా, ఆ ఫోటో తీసిందెవరు?"

"మనతో ఫ్లైట్లో వచ్చిన మిల్వాకీ ఆవిడండీ. తర్వాత పోస్ట్‌లో పంపింది. వాళ్ళాయన కూడా మీ పక్క కుర్చీలోనే కాపలా కాస్తున్నాడు, మేం బయల్దేరేసరికి మీ ఇద్దరి గురకా ఒకే శ్రుతిలో పడింది."